బెల్లు కొట్టే ముందు ఒక్క మాట చెప్తే చాలు

సంపాదకులకు నమస్కారం.

మా బాబుకి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే అలల చప్పుడుకి చక్కగా కుదురుకుంటాడు, అదే జగదాంబ జంక్షన్‌లో బస్సు హారన్ వినబడితే చెవులు మూసుకుని రోడ్డు మీదే కూర్చుండిపోతాడు. అది మొండితనం కాదండీ, ఆ శబ్దం వాడు తట్టుకోలేడు. మొన్న బస్సులో ఒక పెద్దావిడ "రెండు తగిలిస్తే దారికొస్తాడు" అన్నారు. ఆ రాత్రి మా ఆవిడ అన్నం తినలేదు.

ఇంట్లో రోజూ అదే స్టీలు కంచం, అదే పెరుగన్నం, పక్కన కూర తగలకూడదు. కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే ఇక ఎవరికీ నిద్ర ఉండదు. ఇవన్నీ అలవాటైపోయాయి, స్కూలు విషయమే టెన్షన్.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు ఉంది. అయినా రెండు స్కూళ్లు "మిగతా పిల్లలకి ఇబ్బంది" అని మమ్మల్ని పంపేశాయి. మూడోచోట టీచరమ్మ వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, బెల్లు కొట్టే ముందు చెప్తారు. అంతే! వాడిప్పుడు రోజూ బడికి వెళ్తున్నాడు. ఇలాంటి చిన్న సర్దుబాట్లు ప్రతి బడిలో చేయించమని విద్యాశాఖని వేడుకుంటున్నాను.

– ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం