మందు ఇచ్చారు, ఎలా వేసుకోవాలో చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

మా బల్లార్‌పూర్‌కు తెలుగు పేపరు రైల్లో వస్తుంది. ఒక్కోసారి చేతికి అందేసరికి మధ్యాహ్నమవుతుంది. అయినా చదవనిదే నాకు తోచదు. బొగ్గు గనిలో 31 ఏళ్ళు పనిచేసి విరమించినవాణ్ణి. లోపలి ఉక్కకు, తడి బూట్లకు తామర మాకు పాత చుట్టమే. తెలుగులో దానికి పువ్వు పేరు, ఇక్కడి మరాఠీలో ‘గజకర్ణ’, అంటే ఏనుగు చెవి. పేర్లకేమీ లోటు లేదు.

నిరుడు వానాకాలంలో నడుము చుట్టూ, సరిగ్గా మొలతాడు కిందే గుండ్రంగా లేచింది. మందుల దుకాణానికి వెళ్ళి దురదకు ఏదైనా ఇమ్మంటే ఒక ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టారు. మూడు రోజుల్లో దురద మాయమైంది. నెల తిరిగేసరికి రూపాయి బిళ్ళంత మచ్చ పళ్ళెమంత అయింది. నడిమధ్య చర్మం మామూలుగా ఉంది, అంచు మాత్రం ఎర్రగా పాకిపోతోంది. చర్మ వైద్యురాలు ఆ ట్యూబు మీది పేరు చదివి తల పట్టుకున్నారు. అందులో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఉందట. అది దురదను అణచిపెడుతుంది, కింద తామరకు కారణమైన ఫంగస్ నిశ్చింతగా పెరుగుతుంది. ఇటువంటి పూత మందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చిందని ఆవిడ చెప్పారు. మా వీధి దాకా ఆ వార్త ఇంకా రాలేదు.

నా అసలు గోడు ఆ తరువాతది. ఆవిడ ఫంగస్ తగ్గడానికి ఇట్రాకొనజోల్ అనే క్యాప్సూళ్ళు రాశారు. తిన్నాక వేసుకోమని హిందీలో చెప్పారు కూడా. నేను పొద్దున్నే లేచి గ్యాస్ మాత్ర మింగి, టీతో రెండు బిస్కెట్లు తిని, షుగరుది, కొలెస్ట్రాల్‌ది వేసుకుంటాను. వాటి పక్కనే దీన్నీ చేర్చాను. బిస్కెట్లు తిన్నాను కదా, అదీ తిండే అనుకున్నాను. దుకాణంలో అట్టను కత్తెరతో ఎనిమిదేసి కత్తిరించి ఇచ్చారు. హెచ్చరిక రాసి ఉన్న ముక్క, లోపలి మడత కాగితం అక్కడే ఉండిపోయాయి. కాగితం ఇచ్చినా ఏం లాభం, అది పూర్తిగా ఇంగ్లీషు.

నెలయినా గుణం కనిపించలేదు. “ఇంతకంటే గట్టి మందు రాయండి డాక్టరమ్మా” అన్నాను. “ముందు మీరు మింగేవన్నీ తీసుకురండి” అన్నారు. మర్నాడు నా ప్లాస్టిక్ డబ్బా ఆవిడ బల్ల మీద బోర్లించాను. గ్యాస్ మాత్రను, కొలెస్ట్రాల్ మాత్రను వేలితో పక్కకు తోశారు.

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరిగి ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలట. అందుకే కడుపు నిండా భోంచేసిన వెంటనే వేసుకోవాలి. నా గ్యాస్ మాత్ర చేసే పనే ఆ ఆమ్లాన్ని ఆపడం. డబ్బులు పోసి కొన్న మందులో చాలా భాగం ఊరికే బయటికి పోయిందన్నమాట. పైగా ఆ గ్యాస్ మాత్రలో డోంపెరిడోన్ అనే రెండో మందు కలిసి ఉంది. దాన్ని ఇట్రాకొనజోల్‌తో కలిపితే గుండె లయ తప్పే ప్రమాదముంది. ఈ క్యాప్సూల్ వల్ల నా కొలెస్ట్రాల్ మాత్ర రక్తంలో మోతాదు మించి పేరుకుని కండరాలను దెబ్బతీయగలదు. మెట్లెక్కుతుంటే తొడలు లాగుతున్నాయని అంతకు ముందు వారమే మా ఆవిడతో అన్నాను. గని మోకాళ్ళు అంతే అంది.

డాక్టరమ్మ ఆ గ్యాస్, కొలెస్ట్రాల్ మాత్రలు రెండూ ఎన్నాళ్ళు ఆపాలో రాసిచ్చి, కాలేయానికి రక్తపరీక్ష చేయించారు. మూత్రం ముదురు పసుపైనా, ఆకలి చచ్చినా, పాదాలు వాచినా, ఆయాసం వచ్చినా క్యాప్సూల్ ఆపి పరుగెత్తుకు రమ్మన్నారు. మొలతాడు తీసేయమన్నారు. పుట్టినప్పటి నుంచి ఉన్నది, తెంచుతుంటే చెయ్యాడలేదు.

మరో మాట సిగ్గు విడిచి రాస్తున్నాను. మా కోడలి మెడ మీద కూడా మచ్చ వస్తే, మళ్ళీ ఫీజు ఎందుకని నా చీటీతోనే ఆమెకూ తెప్పించబోయాను. ఆమెకు అప్పుడు మూడో నెల. గర్భిణులకు తామర కోసం ఈ క్యాప్సూల్ ఇవ్వరని ఆ బల్ల దగ్గరే తెలిసింది. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకోను.

చంద్రపూర్, రాజురా, సిరొంచ వైపు నా వంటి తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. మాట్లాడేది బజారు హిందీ, చదవగలిగేది తెలుగు ఒక్కటే. దుకాణాలవాళ్ళు అట్ట కత్తిరిస్తే కత్తిరించారు, కవరు మీద ఒకటి-సున్నా-ఒకటి అని గీసే చోట ‘నిండు భోజనం తరువాత’ అని మరాఠీలోనో తెలుగులోనో ఒక ముక్క రాయవచ్చు. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడగవచ్చు. మీ ఆరోగ్యం పేజీలో తామరకు వేపాకు, పసుపు అని ఏటా వేస్తున్నారు. ఈ వానాకాలానికి ఈ క్యాప్సూల్ సంగతి ఒక డాక్టరు చేత రాయించి వేయండి. అచ్చు కాస్త పెద్దదిగా ఉంటే కత్తిరించి మా వీధి మందుల దుకాణం గాజు తలుపుకు నేనే అంటిస్తాను, యజమానిని ఒప్పించాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గని కార్మికుడు,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర