త్లాకోలులా నుంచి, బంతిపూల సంత రోజున

త్లాకోలులా, ఒహాకా రాష్ట్రం, మెక్సికో
అక్టోబరు చివరి ఆదివారం

ఒరేయ్,

ఊరు ఎలా ఉందని అడిగావు కదా. బస్సు దిగగానే నాకు ముందుగా కనిపించినవి మన బజాజ్ ఆటోలురా! వీళ్లు మోతోటాక్సీలంటారు. అద్దం మీద గ్వాదలూపే మాత బొమ్మ, లోపల ఇద్దరు ముసలమ్మలు, వాళ్ల ఒళ్లో కాళ్లు కట్టిన టర్కీ కోడి. మూడు నెలలైనా ఆ ఇంజను చప్పుడు వింటే తల తిప్పకుండా ఉండలేను.

వీధి తెల్లవారేది పిండిమరతో. చీకటితోనే ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని వస్తారు. రాత్రి సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టి, పొద్దున కడిగిన మొక్కజొన్నలు అవి. సున్నం వేస్తే పొట్టు ఊడుతుంది, పిండికి జిగురు వస్తుంది. అంతకంటే పెద్ద సంగతి, గింజలో బిగుసుకుపోయి ఉండే ఒక విటమిన్ అప్పుడే ఒంటబడుతుంది. ఐరోపావాళ్లు గింజ తీసుకెళ్లారు, సున్నం సంగతి వదిలేశారు. మొక్కజొన్నే ఆధారంగా బతికిన అక్కడి పేదలు పెలాగ్రా జబ్బుతో అల్లాడిపోయారు. ఈ బకెట్లు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే, మిత్లా వైపు గిలా నాకిత్స్ అనే గుహలో దొరికిన కంకుల వయసు 6,000 ఏళ్ల పైమాటే. అంతకాలం చేతులు మారుతూ వచ్చిన విద్య అది.

ఊరి చుట్టూ మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో కలిపి వేస్తారు. ఆ పక్కనే కిత్తనార మొక్కలు బారులు తీరి ఉంటాయి. మనకు అవి రైలుకట్ట పక్కన కంచె. ఇక్కడ ఏడెనిమిదేళ్లు పెంచి, దుంప కాల్చి, మెస్కాల్ అనే సారా తీస్తారు.

ఆదివారం వస్తే మాత్రం వీధులు వీధుల్లా ఉండవు. చుట్టుపక్కల పల్లెల జనమంతా సంతకు దిగుతారు. బేరాలు సగం స్పానిష్‌లో, సగం ఇక్కడివాళ్ల సొంత భాష జాపోతెక్‌లో. మిరపకాయల వీధిలో నేను చాలాసేపు ఆగిపోయాను. నల్లవి, ఎర్రవి, పొగబెట్టి ఎండబెట్టినవి గోనెల మీద పోసి ఉన్నాయి. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మీ కళ్లం, మీ నాన్నగారు తలకు తువ్వాలు చుట్టుకుని కాయలు తిరగేయడం, అన్నీ కళ్లముందుకొచ్చాయి. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మనవాళ్లకు మిరపకాయే తెలియదంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. మామిడి ఎదురు ప్రయాణం చేసింది. ఫిలిప్పీన్స్ ఓడల్లో వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక రకానికి మనీలా అనే పేరు.

ఈ రోజు సంతంతా బంతిపూలేరా. మోపులు, బండ్లు, భుజాల మీద కట్టలు! చనిపోయినవాళ్లు ఇంటికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. సెంపాసూచిల్ అంటారు, పాత నవాత్ల్ భాషలో ‘ఇరవై పూలు’ అని అర్థం. మన గుమ్మాలకు కట్టే బంతి పుట్టిల్లు ఈ దేశమే. సాంబ్రాణి లాంటి కోపాల్ పొగ, మధ్యలో చిన్న మొహం బొమ్మ గుచ్చిన రొట్టెలు, ఆ పూల వాసన. నాకు గొంతు పట్టేసింది.

సాయంత్రం నేనుంటున్న ఇంటి యజమానురాలు పీఠం అమర్చడం మొదలుపెట్టింది. భర్త ఫోటో పెట్టి, పూరేకులు వాకిట్లోంచి పీఠం దాకా దారిలా పోయాలట, ఆయన దారి తప్పకుండా. తర్వాత నా వైపు తిరిగి, “నీకెవరూ లేరా?” అంది. ఫోనులోంచి నాయనమ్మ ఫోటో తీసి చూపించాను. రేపే కాగితం మీద వేయించుకు రమ్మంది, ఆవిడకు ఏం ఇష్టమో చెప్పమంది.

నీకు తెలుసుగా, పచ్చిమిరపకాయ కొరక్కుండా నాయనమ్మకు ముద్ద దిగేది కాదు. అదే చెప్పాను. ఇంటావిడ లేచి వెళ్లి, సంచిలో చెయ్యి పెట్టి నాలుగు పచ్చి కాయలు ఏరి, పీఠం మీద నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది.

నీ
వాడు