2025 వార్షిక నివేదిక: సైరన్ మోగితే ఊరంతా ఒకేలా కదలాలి

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా లాగే ఈసారీ బడిపిల్లలకు నోటు పుస్తకాలు పంచాం, కంటి పరీక్షల శిబిరం పెట్టించాం, మంచినీళ్ళ చెరువు గట్టు శుభ్రం చేయించాం. జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం కాబట్టి వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. కమిటీ శ్రమలో పెద్ద భాగం ఒక్క పనికే పోయింది. తుఫాను, వరద, పిడుగు హెచ్చరికలు మన ఊరికి ఏ మోతగా చేరుతున్నాయి, అది విన్న మనిషి వెంటనే ఏం చేయాలి అన్నది తేల్చుకున్నాం.

మనది సముద్రానికీ గోదావరి వైనతేయ పాయకూ మధ్య ఉన్న ఊరు. నీళ్ళు రెండు వైపుల నుంచీ రాగలవు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కోనసీమకు ఏమైందో నలభై దాటిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. వేటకు వెళ్ళిన మనిషి తిరిగి రాని ఇళ్ళు ఈ తీరం వెంబడి ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్లో కబురు అందడమే కష్టం. ఇప్పుడు టీవీ, వాట్సాప్, సచివాలయం మైకు, గుడి మైకు, ఫోన్ అన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఇందులో దేనికి కదలాలో తెలియక జనం ఇంట్లోనే ఉండిపోతున్నారు. వేసవిలో ఇంటింటికీ వెళ్ళి అడిగినప్పుడు ‘సైరన్ అంటే అంబులెన్సే కదండీ’ అన్నవాళ్ళు చాలామంది.

అందుకే సర్వసభ్య సమావేశంలో అందరం ఒప్పుకుని రెండే మోతలు పెట్టుకున్నాం. ఎక్కుతూ దిగుతూ మోగితే తుఫాను షెల్టర్‌కు బయల్దేరాలి. ఒకే స్థాయిలో ఆగకుండా రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తప్పినట్టు. పౌర రక్షణ విభాగం వాడే పద్ధతి కూడా ఇదే. తుఫానుకొకటి, వరదకొకటి వేరుగా ఉండాలని మన కుర్రాళ్ళు కొందరు అడిగారు. వాళ్ళ ఆలోచన మంచిదే, కానీ అర్ధరాత్రి గాలివానలో ఉలిక్కిపడి లేచిన మనిషి మోతలు గుర్తుపట్టుకుంటూ కూర్చోలేడు. లేవాలి, కాగితాల సంచి, మందులు తీసుకోవాలి, ముసలివాళ్ళను పిల్లలను వెంటబెట్టుకుని నడవాలి. ఎందుకన్నది షెల్టర్ చేరాక చెప్పుకోవచ్చు.

గాలి పెరిగితే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తారు. అందుకని చేత్తో తిప్పే సైరన్ కొని షెల్టర్ మేడ మీద బిగించాం. హ్యాండిల్ మొదట బరువుగా కదులుతుంది. నాలుగైదు చుట్లు తిరిగాక మోత పైకి లేస్తుంది, చెయ్యి కాస్త వదులు చేస్తే దిగుతుంది, మళ్ళీ తిప్పితే లేస్తుంది. ఒక్కడి వల్ల ఎక్కువసేపు కాదు, ఇద్దరు మార్చుకుంటూ తిప్పాలి. దీన్ని ఆడవాళ్ళు కూడా నేర్చుకున్నారు. మగవాళ్ళు వేటలోనో చెరువుల మీదో ఉండే ఊరు మనది కాబట్టి అది చాలా అవసరం.

రిహార్సల్ చేసినప్పుడు ఒక సంగతి బయటపడింది. రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే పక్క మనిషి మాటే వినబడదు. సైరన్ మోగుతుండగా ఒక కాపలా మనిషి పాకలో మాకు ఎదురుగానే కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. భుజం తట్టేదాకా తలెత్తలేదు. ఊళ్ళో అందరికంటే గాలికి ముందు దొరికేది అలాంటి వాళ్ళే. ఇకమీదట సైరన్‌తో పాటు బండి మీద ఇద్దరు ఎర్ర లైటు పట్టుకుని చెరువుల గట్ల వెంట వెళతారు. వినికిడి తగ్గిన పెద్దల తలుపు తట్టే పని పక్కింటి వాళ్ళకు ఒప్పజెప్పాం.

ఫోన్ విషయం కూడా చెప్పాలి. 2023లో దేశంలో చాలాచోట్ల పరీక్ష కోసం ఫోన్లు ఒక్కసారిగా పెద్ద మోత మోగాయి, గుర్తుందా? సైలెంట్‌లో పెట్టినా మోగే ఆ హెచ్చరిక సెల్ టవర్ పరిధిలో ఉన్న ఫోన్లకు నేరుగా వస్తుంది, దానికి మన నంబరుతో పని లేదు. ఎవరో ఫోన్ హ్యాక్ చేశారని టెన్షన్ పడి నొక్కేయకండి. చదివాకే మూయండి, చదవడం రాని వాళ్ళకు వినిపించండి.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్ల మీద మత్స్యకార సోదరులతో ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. నంబరు పెరిగిన కొద్దీ ప్రతిసారీ గాలి పెరిగినట్టే అనుకుంటాం. కానీ 5, 6, 7 మూడూ ప్రమాదమే, 8, 9, 10 మూడూ పెను ప్రమాదమే. తేడా తుఫాను దారిలో ఉంది. ఓడరేవు ఆ దారికి ఎడమవైపు ఉంటే 5 లేదా 8, కుడివైపు ఉంటే 6 లేదా 9, తుఫాను రేవు మీదుగానో దగ్గరగానో పోతుంటే 7 లేదా 10. కాబట్టి ‘ఇంకా ఎనిమిదే కదా’ అనే మాట వద్దు. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. మన తీరంలో తుఫాను దారికి కుడివైపున గాలి సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోస్తుంది. మనకు దక్షిణంగా తీరం దాటుతోందంటే మనం కుడివైపున ఉన్నట్టే, ఇంకా జాగ్రత్త పడాలి.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లో తీరం దాటినప్పుడు ఈ ఏర్పాటు మొదటిసారి నిజంగా అక్కరకొచ్చింది. చీకటి పడకముందే సైరన్ తిప్పాం, తాటాకిళ్ళ వాళ్ళు ముందుగా షెల్టర్ చేరారు. గాలి తగ్గినట్టు అనిపించిన ప్రతిసారీ కొందరు గొడ్లను చూసుకోవాలని లేచారు. వాళ్ళ బాధ మాకు అర్థమవుతుంది. కానీ తుఫాను కన్ను ఊరి మీదుగా వెళితే గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. అందుకే ఏకధాటి సైరన్ మోగేవరకు తలుపు తీయకూడదన్న నియమం పెట్టుకున్నాం. దీన్ని సడలించే ఉద్దేశం కమిటీకి లేదు.

వరదకు ధవళేశ్వరం బ్యారేజీ లెక్కే మన లెక్క. నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటిన సంగతి ఏటి మధ్య లంకల వాళ్ళు మరిచిపోలేదు. మూడోదాకా ఆగితే లంకలకు వెళ్ళే కాజ్‌వే దారులు మునిగి పడవ కోసం వెతుక్కోవాలి. రెండో హెచ్చరికకే పశువులను ఏటిగట్టుకు తోలాలని లంక సభ్యులే తీర్మానం పెట్టారు.

పిడుగుకు సైరన్ లేదు, ఉరుమే సైరన్. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్ఫై అంకెలు లెక్కపెట్టే వ్యవధి కూడా లేకపోతే పక్కా ఇంట్లోకి వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. కొబ్బరి దింపు కార్మికులు చెట్టు దిగిపోవాలి, ఆ సమయంలో ఇంకో చెట్టు ఎక్కమని తోట యజమానులు అడగకూడదు. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్‌ను కూలీల మేస్త్రీల ఫోన్లలో వేయించాం.

మిగిలిన పనులు ఇవి. చెరువుల యజమానుల్లో కొందరు కాపలా వాళ్ళ నంబర్లు ఇంకా ఇవ్వలేదు, ఈ నెలాఖరులోగా కార్యదర్శికి అందజేయాలి. షెల్టర్ మేడ తాళం ఒకటి సచివాలయంలో, రెండోది షెల్టర్ ఎదురింట్లో ఉంటుంది. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలయ్యాక, పడవలన్నీ ఒడ్డున ఉండే రోజు చూసి మళ్ళీ రిహార్సల్ పెడతాం. సైరన్‌కు గ్రీజు, ఎర్ర లైట్ల బ్యాటరీల ఖర్చుకు ఈ ఏటి చందా బాకీలు ఆ లోపు చెల్లించమని కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున