మా టెస్టర్ తప్పు చెప్పింది, దాన్ని నమ్మి మేమూ చెప్పాం

గత నెలలో మా షాపులో బ్యాటరీ చెక్ చేయించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. కొన్నాళ్లు మా టెస్టర్ తప్పుడు రీడింగ్ ఇచ్చింది. అది చెడిపోయింది నా వల్లే.

విషయం ఎలా బయటపడిందంటే, ఒకాయన కారు బ్యాటరీ తెస్తే "అయిపోయింది, మార్చేయండి" అన్నాం. ఆయనకు నమ్మకం కుదరక ఇంకోచోట చూపించుకుంటే బాగానే ఉందన్నారట. మళ్లీ వచ్చి, ఒక్క మాటా అనకుండా బ్యాటరీని కౌంటర్ మీద పెట్టారు. హైడ్రోమీటర్‌తో లోపలి యాసిడ్ గ్రావిటీ, అంటే చిక్కదనం చూశాను. ఆరు సెల్స్‌లోనూ 1.260 దగ్గరే ఉంది, అంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు. పాత గాజు హైడ్రోమీటర్‌కి చెడిపోవడానికి సర్క్యూటే లేదు కదా! అనుమానం వచ్చి ర్యాక్‌లోని కొత్త బ్యాటరీకి టెస్టర్ తగిలించాను. దాన్నీ మార్చేయమంది.

తేడా వచ్చింది పల్స్ చార్జర్ దగ్గర. వాడకుండా పడేసిన బ్యాటరీల్లో ప్లేట్లకు సల్ఫేట్ పట్టి గట్టిపడుతుంది. దాన్ని కరిగించాలని ఈ చార్జర్ కరెంటును చిన్న చిన్న దెబ్బల్లా పంపుతుంది. మంచి బ్యాటరీ ఆ దెబ్బను మింగేస్తుంది. సల్ఫేట్ పట్టినదానికి లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి దెబ్బ పడిన ప్రతిసారీ ఓల్టేజ్ ఒక్కసారిగా ఎగురుతుంది. మల్టీమీటర్ చూపేది సగటు, అందుకే అందులో 14 చిల్లరే కనిపిస్తుంది. ఓల్ట్ ఎలా పెరుగుతోందో చూద్దామని నేను, బ్యాటరీ చార్జింగ్‌లో ఉండగానే టెస్టర్ క్లిప్పులు దానికి అలాగే వదిలేసేవాణ్ని. టైమ్ కలిసొస్తుందని!

టీవీలు బాగుచేసే మా ఫ్రెండ్, ఓల్టేజ్ ఎగుడుదిగుళ్లను స్క్రీన్ మీద గీతలా చూపే స్కోపు తెచ్చి పెడితే 40 ఓల్టులు దాటిన ముళ్లు కనిపించాయి. మా టెస్టర్ తట్టుకునేది 30 వరకే. తర్వాత వాడు చార్జర్ క్లిప్పును కాస్త కదిపాడు, గీత స్క్రీన్ దాటి వెళ్లిపోయింది. కుళాయి టక్కున కట్టేస్తే పైపు దడేల్‌మంటుంది చూడండి, అలాంటిదే. చార్జర్‌లోని కాయిల్‌లో పారే కరెంటును హఠాత్తుగా ఆపితే అది ఓల్టేజ్‌గా ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీకి టెస్టర్ తగిలించం. ఓల్ట్ చూడాలంటే మల్టీమీటరే, అది వందల ఓల్టులు తట్టుకుంటుంది. చార్జర్ స్విచ్ ఆపాకే దాని క్లిప్పులు తీస్తాం. అలా చేస్తే, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తగిలి అంటుకుంటుందన్న భయమూ ఉండదు. మా కుర్రాడో నేనో మర్చిపోతామని కొత్త టెస్టర్ వైర్ల మధ్య 1.5కేఈ18ఏ అనే టీవీఎస్ డయోడ్ (ఓల్టేజ్ ఒక్కసారిగా ఎగిరితే అడ్డుకునే చిన్న పార్టు) కూడా పెట్టించాను. 15 ఓల్టుల దాకా అది ఊరుకుంటుంది, 17 దాటాక అడ్డుపడి 25 దగ్గర ఆపుతుంది. అలాగని ఎప్పుడూ దెబ్బలు తింటూ కూర్చోదు, వేడెక్కి పోతుంది. అందుకే టెస్టర్ క్లిప్పు తీయడమే అసలు జాగ్రత్త.

ఇకనుంచి చార్జింగ్‌కి ఇచ్చిన బ్యాటరీ రిపోర్ట్ మర్నాడే ఇస్తాం. చార్జర్ తీసిన వెంటనే చూస్తే లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది, రాత్రంతా అలా వదిలేయాలి. తొందరపెట్టకండి.

గత నెలలో చూపించుకున్నవాళ్లకు మళ్లీ ఉచితంగా చెక్ చేస్తాం. మా మాట మీద కొత్తది కొని పాతది స్క్రాప్‌కు ఇచ్చేసినవాళ్లు వచ్చి నాతో మాట్లాడండి, నష్టం మీ మీద పడనివ్వను. స్లిప్ పోయినా ఫోన్ నంబర్ చెబితే చాలు, రిజిస్టర్‌లో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మాత్రం షాపు ఉండదు.