చూసుకునే వాళ్లనీ ఒక్క మాట అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో మతిమరుపు జబ్బు మీద వ్యాసం వచ్చిన ప్రతిసారీ కత్తిరించి దాచుకుంటాను. లక్షణాలు, పరీక్షలు, మందులు, తినాల్సిన కూరలు అన్నీ ఉంటాయి. ఆ మనిషిని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండేవాళ్లకు వచ్చే కోపం గురించి మాత్రం ఎవరూ రాయరు. దాని గురించే ఈ ఉత్తరం.

నా భార్యకు 68 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి నాలుగేళ్లయింది. ఇంట్లో మేమిద్దరమే. పిల్లలు దూరాన ఉన్నారు, డబ్బుకు లోటు చేయరు, రోజూ వీడియో కాల్ చేస్తారు. స్నానం చేయించడం, అన్నం పెట్టడం, జడ వేయడం అన్నీ నేనే. మూడు పాయల జడ సరిగ్గా కుదరడానికి నాకు నెల పట్టింది.

పోయిన శ్రావణంలో ఒక రోజు పొద్దున, కాఫీ తాగిన ఐదు నిమిషాలకే "నాకు కాఫీ ఇవ్వలేదేం?" అంది. ఇప్పుడే తాగావన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. పదకొండోసారో పన్నెండోసారో అడిగేసరికి చేతిలో ఉన్న స్టీలు గ్లాసు గచ్చు మీద విసిరికొట్టి "నన్ను చంపుకు తింటున్నావు" అని అరిచాను. అంతకు ముందు రాత్రంతా ఆమె లేచి తలుపులు లాగుతూనే ఉంది, నాకు రెండు గంటల నిద్ర లేదు. జరిగింది చెబుతున్నానే గానీ సమర్థించుకోవడం లేదు.

పది నిమిషాల్లో ఆమె నా అరుపు మరిచిపోయింది. కానీ ఆ పూటంతా కొంగు భుజాల చుట్టూ బిగించుకుని వరండా మూలన కూర్చుంది. ముద్ద పెట్టబోతే మొహం తిప్పుకుంది. పనమ్మాయితో "నాకు భయంగా ఉందే" అందట. ఎందుకు భయమో ఆమెకే తెలియదు.

తర్వాత ఒకచోట చదివాను. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు అల్జీమర్స్ ఉన్నవాళ్లకు దుఃఖం కలిగించే సినిమా ముక్కలు, సంతోషపెట్టేవీ చూపించి, ఆ ఫలితాలు 2014లో ప్రచురించారు. కాసేపటికి ఏం చూశారో వాళ్లు సరిగా చెప్పలేకపోయారు, మనసులో రేగిన బాధ మాత్రం తగ్గలేదట. సంతోషమూ అలాగే కొంతసేపు నిలిచిందట. అది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి పొద్దున్నే జడ వేస్తూ ఆమెకిష్టమైన కీర్తన పాడుతున్నాను. పాడిన సంగతి ఆమెకు గుర్తుండదు, ఆ తర్వాత టిఫిన్ మాత్రం పేచీ లేకుండా తింటుంది.

గ్లాసు విసిరిన రోజు రాత్రి 14416కి ఫోన్ చేశాను. మనసు బాగోలేనివాళ్లు మాట్లాడుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు అది. ఏ వేళప్పుడైనా పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి నీతులు చెప్పలేదు. "మీరు కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది సార్?" అంది. జవాబు చెప్పలేక ఏడ్చేశాను. మూడు నెలలకోసారి వెళ్లే డాక్టరు గారు ఆమె నిద్ర, ఆకలి, విరేచనం అన్నీ అడుగుతారు. పక్క కుర్చీలో ఉన్న నన్ను ఈ నాలుగేళ్లలో ఆ ఒక్క మాట అడగలేదు.

మా వీధిలో ఆడవాళ్లు నన్ను "దేవుడిలాంటి మొగుడు" అంటుంటారు. ఆ మాట వినలేను. పక్షవాతంతో మంచం పట్టిన మా అమ్మకు ఇదే ఇంట్లో నా భార్య తొమ్మిదేళ్లు చాకిరీ చేసింది. ఆమెను దేవత అని ఎవరూ అనలేదు, కోడలన్నాక చెయ్యాలి కదా అన్నారు. సాయంత్రం పోస్టాఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే "అమ్మ తిన్నదా?" అని అడిగేవాణ్ని. "నువ్వు తిన్నావా?" అని అడిగిన జ్ఞాపకం ఒక్కటీ లేదు. వంటింట్లో గిన్నెలు దబదబా పడేస్తోందని ఒకసారి కసిరాను కూడా. ఆ చప్పుడేమిటో నా చేతిలోంచి గ్లాసు ఎగిరిన రోజున తెలిసింది. ఇప్పుడు అడుగుదామంటే ఆమెకు ఆ తొమ్మిదేళ్లూ గుర్తు లేవు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, ఉందని 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ ఇళ్లలో ఎక్కువగా చూసుకునేది భార్యలు, కోడళ్లు, కూతుళ్లే. డాక్టర్లు చీటీ రాసేముందు పక్కనున్న మనిషి మొహం కూడా ఒకసారి చూడాలి. మీరు ఈ జబ్బు మీద వ్యాసం వేసినప్పుడల్లా కింద 14416 వేయండి. ఇక బంధువులకు నా మనవి: పళ్లు తేవద్దు, సలహాలు వద్దు, రెండు గంటలు వచ్చి కూర్చోండి. మొన్న ఆదివారం ఎదురింటి కోడలు "బాబాయ్, మీరు పడుకోండి, పిన్ని దగ్గర నేనుంటా" అని వచ్చింది. నేను లేచి వచ్చేసరికి ఇద్దరూ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

– విశ్రాంత పోస్ట్‌మాస్టరు, తెనాలి
(పేరు ప్రచురించవద్దని మనవి)