కప్పు పంచితే చాలదు, నేర్పే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ వసతిగృహాల్లో విద్యార్థినులకు నెలసరి ప్యాడ్లు సమయానికి అందడం లేదనీ, వాడినవి పారవేయడానికి చోటు లేక మరుగుదొడ్ల గొట్టాలు పూడుకుపోతున్నాయనీ జిల్లా పేజీల్లో తరచుగా వార్తలు చదువుతుంటాం. సరఫరా పెంచుతామనో, ప్యాడ్లను కాల్చే యంత్రాలకు మరమ్మతులు చేయిస్తామనో అధికారులు సమాధానమిస్తుంటారు. మహిళా డిగ్రీ కళాశాలలో చాలాకాలంగా జంతుశాస్త్రం బోధిస్తున్న నాకు ఈ రెండింటితో సమస్య తీరుతుందన్న నమ్మకం లేదు. ప్యాడ్‌కూ, ట్యాంపన్‌కూ ప్రత్యామ్నాయంగా మెన్‌స్ట్రువల్ కప్పును కూడా ప్రభుత్వ పథకాల్లో చేర్చాలనీ, అయితే కప్పులు కొని పంచడానికి ముందే వాటి వాడకాన్ని దగ్గరుండి నేర్పే ఏర్పాటు జరగాలనీ విన్నవించడానికి ఈ లేఖ రాస్తున్నాను.

కప్పును కళ్లారా చూడని పాఠకులు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పడం అవసరం. వైద్య పరికరాలకు వాడే మెత్తని సిలికాన్‌తో, గంట ఆకారంలో, రెండు అంగుళాలకు కాస్త అటూ ఇటూ పొడవుతో, అడుగున చిన్న కాడతో ఇది ఉంటుంది. అంచును మడిచి యోనిమార్గంలోకి పంపితే లోపల విచ్చుకొని, గోడలకు ఆనుకొని నిలబడి, కారే రక్తాన్ని పట్టి ఉంచుతుంది. పరిమాణాన్ని బట్టి ఒక కప్పులో సుమారు 15 నుంచి 30 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం చాలామందిలో 80 మిల్లీలీటర్లకు మించదు కాబట్టి, స్రావం మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో తప్ప, ఉదయం పెట్టుకున్న కప్పును సాయంత్రం తీసి ఖాళీ చేసుకుంటే సరిపోతుంది. ఎట్టి పరిస్థితిలోనూ 12 గంటలకు మించి లోపల ఉంచకూడదు. తీసిన కప్పును నీటితో కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. నెలసరి మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి ఐదు నుంచి పది నిమిషాలు నీళ్లలో మరిగించాలి. ట్యాంపన్ కూడా లోపల పెట్టుకునేదే అయినా, దూదిలాంటి పదార్థంతో చేసినది కావడం వల్ల స్రావంతో పాటు అక్కడ సహజంగా ఉండే తేమను కూడా పీల్చేస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో మార్చి పారవేయాలి. మన చిన్న పట్టణాల మందుల దుకాణాల్లో అది దొరకడమే అరుదు. కప్పు నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. అమెరికాలో లియోనా చామర్స్ అనే మహిళ 1937లోనే రబ్బరు కప్పుకు పేటెంట్ పొందారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రబ్బరు కొరత వచ్చి దాని తయారీ దెబ్బతింది.

ప్యాడ్ల వల్ల జరిగిన మేలును తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. పాత చీర పేలికలను ఎవరి కంటా పడకుండా మరో బట్ట కింద ఆరవేసి, సరిగా ఆరని ఆ గుడ్డనే మళ్లీ పెట్టుకున్న మా అమ్మల తరం కష్టం తెలిసినవారెవరూ అలా మాట్లాడలేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పరిశుభ్రమైన పద్ధతులు వాడేవారు 2015-16లో నూటికి 58 మంది దాకా ఉండగా, 2019-21 నాటికి 77 మంది దాటారు. 2018లో న్యాప్‌కిన్లపై జీఎస్టీ తొలగించారు. జన ఔషధి కేంద్రాల్లో 2019 నుంచి ఒక్కొక్కటి రూపాయికే అమ్ముతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైన 'స్వేచ్ఛ' పథకం ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే ప్రభుత్వ విద్యార్థినులకు నెలకు పది చొప్పున ఉచితంగా ఇచ్చేందుకు ఉద్దేశించింది. ఇవన్నీ ఆడపిల్లల ఇబ్బందిని గుర్తించి చేసిన మంచి పనులే.

అయితే వాడిన ప్యాడ్ చివరికి ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది. మనం కొనే ప్యాడ్లలో ఎక్కువ భాగానికి పైపొర, అడుగు పొర ప్లాస్టిక్. నడుమ రక్తాన్ని పీల్చి జిగురుగా మార్చే రసాయన పొడి ఉంటుంది. అది మట్టిలో కలిసేది కాదు, తగినంత వేడి లేని మంటలో కాలిస్తే హానికరమైన పొగ వస్తుంది. వాడిన ప్యాడ్‌ను విడిగా చుట్టి ఇవ్వాలనీ, అందుకు కావలసిన సంచులను తయారీదారులే సమకూర్చాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. మా వీధికి వచ్చే చెత్తబండి దగ్గర నాకు కనిపించే దృశ్యం వేరు. కూరగాయల తొక్కల మధ్య, నల్ల కవరు చిరిగి బయటపడిన ప్యాడ్‌ను పారిశుద్ధ్య కార్మికురాలు, చేతికి తొడుగు కూడా లేకుండా, రెండు వేళ్లతో పట్టి పక్కకు తీస్తూ ఉంటుంది. ఇంట్లో మగవాళ్ల కంట పడకూడదని మనం కాగితంలో చుట్టి దాచేదాన్ని ఆమె రోజూ వందల ఇళ్ల చెత్తలోంచి ఏరవలసి వస్తోంది. ఇందులో మన బాధ్యత లేదని ఎలా అనగలం? కళాశాలల మరుగుదొడ్లలో బిగించిన కాల్చే యంత్రాల్లో ఏడాది తిరిగేసరికి పనిచేస్తున్నవాటిని నేను చాలా తక్కువగా చూశాను. పనిచేసిన రోజుల్లో ఆ పొగకు పక్క తరగతిగది కిటికీలు మూయవలసి వచ్చేది.

ఖర్చు విషయం త్వరగా తేలుతుంది. నెలకు 12 ప్యాడ్లు, ఒక్కొక్కటి 5 రూపాయలు అనుకుంటే సంవత్సరానికి 144 ప్యాడ్లు, 720 రూపాయలు. సుమారు 300 నుంచి 500 రూపాయలకు దొరికే కప్పు, శుభ్రంగా చూసుకుంటే, సాధారణంగా ఐదేళ్లు, కొన్ని రకాలైతే పదేళ్ల దాకా పనిచేస్తుంది.

అందరూ ముందుగా అడిగేది ఇది సురక్షితమేనా అని. 2019లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' అనే వైద్య పత్రిక, అప్పటివరకు జరిగిన 43 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 3,319 మంది అనుభవాలను కలిపి పరిశీలించిన వ్యాసాన్ని ప్రచురించింది. స్రావం బయటికి కారడం ప్యాడ్లు, ట్యాంపన్లతో సమానంగానో అంతకంటే తక్కువగానో ఉన్నట్లు అందులో తేలింది. వాడకం అలవాటైన వారిలో నూటికి 70 మంది దాకా ఇకముందు కూడా దీన్నే వాడతామన్నారు. ప్రమాదం అసలే లేదని మాత్రం ఆ వ్యాసం చెప్పలేదు, నేనూ చెప్పను. 1980లో అమెరికాలో బాగా పీల్చే రకం ట్యాంపన్ల వాడకంతో ముడిపడి బయటపడిన టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్, కప్పు వాడినవారిలో కూడా ఐదుగురికి వచ్చినట్లు ఆ పరిశీలనలో కనిపించింది. అందుకే చేతులు సబ్బుతో కడుక్కోవడం, 12 గంటల గడువు పాటించడం ఎవరూ తేలికగా తీసుకోకూడని నియమాలు. కాపర్-టి వేయించుకున్నవారు కప్పును గట్టిగా లాగితే దానితో పాటు కాపర్-టి కూడా జారే అవకాశం ఉంది కనుక ముందుగా వైద్యురాలిని అడగాలి. కాన్పు అయినవారు కనీసం ఆరు వారాలు ఆగాలి. గర్భసంచి జారినవారు, నెలసరిలో భరించలేని నొప్పి ఉన్నవారు పరీక్ష చేయించుకున్న తరువాతే దీని గురించి ఆలోచించడం మంచిది.

మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ ఈ పనిని ఇప్పటికే చేసి చూపించింది. 2018 వరదల సమయంలో సహాయ శిబిరాల్లో గుట్టలుగా పోగుపడిన న్యాప్‌కిన్లను ఏం చేయాలో తోచని పరిస్థితి అక్కడివారికి గట్టిగా తెలిసివచ్చింది. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ హెచ్ఎల్ఎల్ 'తింకళ్' పేరుతో అలప్పుళ పురపాలక పరిధిలో ఐదు వేల కప్పులు పంచింది. ఎర్నాకుళం జిల్లాలోని కుంబళంగి పంచాయతీని 2022 జనవరిలో దేశంలోనే మొదటి న్యాప్‌కిన్ రహిత గ్రామంగా ప్రకటించారు. అక్కడ కూడా పంచిన కప్పులు ఐదు వేలే. కానీ పంపిణీతో పాటు 18 ఏళ్లు నిండిన స్త్రీలకు నెలల తరబడి అవగాహన, శిక్షణ కార్యక్రమాలు నిర్వహించారు. పత్రికల్లో కప్పుల సంఖ్య గురించి వచ్చినంతగా ఆ శిక్షణ గురించి రాలేదు. కర్ణాటక కూడా 2022లో చామరాజనగర్, దక్షిణ కన్నడ జిల్లాల విద్యార్థినులతో ప్రయోగం మొదలుపెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ స్థాయి ప్రయత్నం జరగాలన్నదే నా కోరిక.

శిక్షణ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నేపాల్‌లోని చిత్వన్ ప్రాంతంలో ఎమిలీ ఆస్టర్, రెబెక్కా థార్న్‌టన్ అనే పరిశోధకులు కొందరు బడిపిల్లలకు, వారి తల్లులకు కప్పులిచ్చి ఎవరు వాడుతున్నారో, ఎవరు వదిలేస్తున్నారో గమనించారు. స్నేహితురాళ్లకు కూడా కప్పు ఉన్న పిల్లలు త్వరగా వాడకంలోకి వచ్చారు. స్నేహితురాలిని చూసి తనకూ కావాలనుకోవడం కంటే, ఎలా పెట్టుకోవాలో ఆమె దగ్గర నేర్చుకోవడమే అందుకు ముఖ్య కారణమని వారు తేల్చారు. మా కళాశాలలో నాకు ఎదురైన అనుభవం కూడా ఇదే చెబుతోంది. నేను చాలా ఏళ్లుగా కప్పు వాడుతున్నానని తెలిసి డిగ్రీ విద్యార్థినులు కొందరు అడిగినప్పుడు, పెట్టెలో ఉన్న కాగితం చదువుకొమ్మంటే వారిలో ఒక్కరికీ కుదరలేదు. కాగితం మీది బొమ్మలో శరీరం నిలువుగా కోసినట్లు ఉంటుంది; తన ఒంట్లో ఆ దారి నిటారుగా పైకి కాకుండా వెన్ను వైపు వాలుగా ఉంటుందన్న సంగతి ఎవరైనా చెబితే తప్ప అమ్మాయికి తట్టదు. ఆమె నిలబడి పైకి తోస్తుంది, నొప్పి పుడుతుంది, భయపడి మానేస్తుంది. గొంతుక్కూర్చుని, ఒళ్లు వదులు చేసి, అంచును లోపలికి నొక్కి మొగ్గలా మడిచి, నడుము వైపు పంపమని చెప్పాక చాలామందికి కుదిరింది. పెట్టుకున్నాక వేలితో అడుగుభాగం చుట్టూ తడిమి, ఎక్కడైనా మడత మిగిలిందేమో చూసుకోవాలి. విచ్చుకోని కప్పు తప్పకుండా కారుతుంది. తీసేటప్పుడు కాడ పట్టి లాగకుండా, అడుగును రెండు వేళ్లతో నొక్కి గాలి పట్టు వదిలించాలి. రెండు మూడు నెలసరులు గడిస్తే గానీ ఇవన్నీ చేతికి రావు. ఆ రెండు మూడు నెలలూ అడగడానికి ఒక మనిషి ఉండాలి.

వసతిగృహాల్లో మరో చిక్కు ఉంది, దీన్ని పథకాలు రాసేవారు ఊహించడం కష్టం. కప్పును ఎక్కడ మరిగించాలి? వంటగదిలోకి ఆ వస్తువు తేవడానికి వంటమనుషులు ఒప్పుకోరు, వాళ్ల అభ్యంతరాన్ని కొట్టిపారేయడమూ సరికాదు. ఒక వసతిగృహంలో అమ్మాయిలు డబ్బులు వేసుకొని ఒక విద్యుత్ కెటిల్ కొని, దాన్ని ఈ పనికి మాత్రమే పెట్టుకున్నారు. ఎవరి కప్పుకు వారి స్టీలు గిన్నె, దాని మీద గోటిరంగుతో వేసుకున్న గుర్తు. ప్రతి అంతస్తుకూ ఒక కెటిల్ ఇవ్వడం ప్రభుత్వానికి ఏపాటి ఖర్చు? అలాగే మరుగుదొడ్డి లోపల కొళాయి, చెంబు, సరిగ్గా పడే గడియ లేనిచోట కప్పు పంచడం ఆ పిల్లలను ఇంకా ఇబ్బంది పెట్టడమే అవుతుంది; అలాంటి చోట ముందు నీళ్లు రావాలి.

ఇక తల్లుల భయం. పెళ్లికాని పిల్ల లోపల పెట్టుకునేది వాడితే కన్నెపొర పోతుందేమోనని వారు నన్ను పక్కకు పిలిచి అడుగుతారు. ఆ పొర దారిని పూర్తిగా మూసి ఉంచేది కాదనీ, మూసి ఉంటే నెలసరి రక్తం బయటికే రాదనీ, సాగే గుణమున్న ఆ పొర ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుందనీ, ఆటలాడినా దాని తీరు మారవచ్చనీ వివరిస్తాను. కన్యత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదనీ, వాటిని మానుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అయినా ఆ భయాన్ని ఒక్క మాటతో తీసేయలేం. ఒప్పుకోని తల్లి మీద, ఇష్టపడని పిల్ల మీద ఒత్తిడి తేవడం అన్యాయం. అందుకే ఈ పథకాన్ని ముందుగా డిగ్రీ కళాశాలల వసతిగృహాల్లో, డ్వాక్రా సంఘాల్లో, అంగన్‌వాడీ, పారిశుద్ధ్య సిబ్బందిలో, అంటే తమ నిర్ణయం తాము తీసుకోగల వయోజన స్త్రీలలో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. వాళ్లలో వాడడం వచ్చినవారే రేపు తమ కూతుళ్లకు చెప్పుకుంటారు.

కాబట్టి రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య, విద్య, పురపాలక శాఖలను నేను కోరేది ఇది. వచ్చే విద్యాసంవత్సరానికి ప్యాడ్ల కొనుగోలుకు కేటాయించే సొమ్ములో కొంత భాగంతో, అడిగినవారికి మాత్రమే, రెండు పరిమాణాల్లో నాణ్యత పరీక్షించిన కప్పులు ఇవ్వాలి. ప్రతి వసతిగృహానికీ ఒక ఏఎన్ఎంను గానీ, కప్పు వాడే అనుభవమున్న సిబ్బందిలో ఒకరిని గానీ శిక్షకురాలిగా నియమించి, మొదటి మూడు నెలలు ఆమె నెలకు రెండుసార్లయినా వచ్చి విద్యార్థినులతో విడిగా మాట్లాడేలా చూడాలి. ఆ పనికి ఆమెకు గౌరవవేతనం ఇవ్వాలి. కప్పు కుదరక తిరిగి ప్యాడ్లు కావాలన్న అమ్మాయికి, కారణం అడగకుండా, అదే రోజు ప్యాడ్లు అందాలి. ఈ మూడింటిలో శిక్షకురాలి నియామకం కుదరదనుకుంటే, కప్పుల కొనుగోలును కూడా ఆ ఏర్పాటు జరిగేదాకా వాయిదా వేయమనే నా మనవి.

ఇట్లు,
భవదీయురాలు,
జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
తెనాలి.