వలందా (హాలండు) దీవుల్లో తిరిగివచ్చిన అమ్మాయికి నాన్న ఉత్తరం

మచిలీపట్నం,
ఆగస్టు నెలాఖరు

చి. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మేమిద్దరం ఇక్కడ క్షేమం. నువ్వు పంపిన ఫోటోలు, వాటితో పాటు రాసిన పొడవాటి మెయిలు రాత్రి భోజనాలయ్యాక అమ్మ గట్టిగా చదువుతుంటే విన్నాను. తెల్లవారుజామున లేచి ఒక్కణ్ణీ కూర్చుని మళ్ళీ చదువుకున్నాను. నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ దీవిలో ఎదురుగాలికి సైకిలు తొక్కిన కష్టం, టెర్షెల్లింగ్ దీవి రేవులో దిగగానే కనిపించిన బ్రాండారిస్ దీపస్తంభం, ఆఖరున సముద్రం తీసిన నేల మీద నడిచి ఇంకొక దీవికి చేరుకున్న రోజు, అన్నీ కళ్ళకు కట్టేలా రాశావు. ఒక్క సంగతి మాత్రం రాయలేదు. టెర్షెల్లింగ్‌లో ఈతకు దిగినప్పుడు నువ్వూ, మీ కేరళ స్నేహితురాలూ నీటి లాగుడుకు చిక్కి ఒడ్డుకు దూరంగా పోయారని నాకు అమ్మ ద్వారా తెలిసింది. నాన్నకు చెప్పవద్దని నువ్వు అన్నావట. అమ్మ వారం రోజులు దాచుకుంది, ఆ తరవాత ఆమె వల్ల కాలేదు. ఆమె మీద కోపం తెచ్చుకోకు.

నాకూ నీ మీద కోపం లేదు. నువ్వు ఎందుకు దాచావో నాకు బాగా తెలుసు. మంగినపూడి మన ఇంటికి పది పదకొండు కిలోమీటర్లే అయినా, నీ చిన్నతనమంతా నిన్ను అక్కడ చీలమండలు దాటి నీళ్ళలోకి దిగనివ్వలేదు. పదో తరగతిలో నీ తోటివాళ్ళంతా సూర్యలంక వెళ్తుంటే నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. రెండు రోజులు నువ్వు నాతో మాట్లాడలేదు. ఎందుకు వద్దన్నానో నీకు ఏనాడూ పూర్తిగా చెప్పలేదు. "ఉప్పెనలో చాలామంది పోయారు" అని ఒక్క ముక్కతో ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నువ్వు ఆ మాట దాచిన తరవాత, నేను దాచినది కూడా నీకు తెలియాలనిపించింది. అందుకే ఫోనులో చెప్పకుండా కాగితం మీద రాస్తున్నాను.

1977 నవంబరు 19, శనివారం. నాకు తొమ్మిదేళ్ళు. దివిసీమలో మన ఊరికి సముద్రం కనిపించేంత దగ్గరేమీ కాదు, దాని హోరు మాత్రం రాత్రిపూట వినిపించేది. ఆ రోజు పొద్దుటి నుంచి గాలి ఆగలేదు. సాయంత్రానికి ఇంటి తాటాకు కప్పు లేచిపోతే మా నాన్న మమ్మల్ని మేడ ఉన్న ఒక మోతుబరి ఇంటికి నడిపించాడు. మేనత్త ఇంటికి కబురు పంపుదామనుకునేలోపే దక్షిణం నుంచి ఒక చప్పుడు వచ్చింది, ఆ వెంటనే నీళ్ళు వచ్చాయి. మెట్ల మీద మా నాన్న భుజాల పైన కూర్చున్నాను. కింద గదిలో గడియారం తగిలించిన స్తంభం దగ్గర నీళ్ళు ఒక్కొక్క మెట్టే ఎక్కి రావడం, ఆ నీళ్ళ మీద ఎవరిదో పెళ్ళిపీట తేలుతూ గోడకు తగిలి తగిలి వెనక్కి పోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తెల్లవారి చూస్తే ఊరు లేదు. మేనత్త, ఆమె ఇద్దరు పిల్లలు తిరిగి రాలేదు. ఆ ఉప్పెనలో వేల మంది పోయారని నువ్వు పుస్తకాల్లో చదివావు. నాకు మాత్రం ఆ వేలల్లో మూడు ముఖాలే గుర్తున్నాయి. నేను ఈత నేర్చుకోలేదు, నీకు నేర్పించాలన్న ఆలోచన కూడా రానివ్వలేదు. హాస్టల్లో చేరాక నీకు నువ్వే నేర్చుకున్నావని విన్న రోజు పైకి ఏమీ అనలేదు గాని, నాకు నిద్ర పట్టలేదు.

ఇక నీ ప్రయాణం సంగతికి వస్తాను. నువ్వు పంపిన ఫోటోలన్నింటిలోకీ నేను ఎక్కువసేపు చూసినది నీ కాళ్ళ ఫోటో. మోకాళ్ళ దాకా నల్లటి బురద, దాని మీద గీతలు గీతలుగా ఎండిన ఉప్పు, లేసులు బిగించి కట్టిన పాత బూట్లు. అది ఉత్తర సముద్రపు బురద అని చెప్పకపోతే మంగినపూడి అనుకునేవాణ్ణి. మన తీరంలో కూడా ఇసుక కంటే నల్లమట్టే ఎక్కువ. అడుగు వేస్తే పట్టుకుంటుంది, తీస్తే చప్పుడు చేస్తుంది. క్లోస్టర్‌బ్యూరెన్ అనే ఊరి దగ్గర గట్టు దిగి, మొదటి అరగంట ఆ అడుసులో మోకాలి లోతున పడుతూ లేస్తూ నడిచామని, తరవాత నేల గట్టిపడిందని, ఇసుకపురుగులు వదిలిన చుట్టలు చుట్టల కుప్పల మధ్య నడుస్తూ మధ్యలో ఒక కాలువను నడుము లోతున దాటి, నాలుగైదు గంటలకు స్కీర్‌మోనికోగ్ దీవి ఒడ్డు ఎక్కామని రాశావు. మీ స్పెయిన్ అబ్బాయి బూటు ఒకటి బురద మింగేస్తే అందరూ కలిసి తవ్వి తీశారన్న చోట అమ్మ చాలాసేపు నవ్వింది.

నేను నవ్వలేదు, మీతో వచ్చిన మార్గదర్శి మీద నీకు కలిగిన గౌరవం గురించి రాసిన వాక్యాలు రెండుసార్లు చదివాను. ఆయన చేతిలో పొడవాటి కర్ర ఉందనీ, కాలువకు చేరేసరికి నీరు పూర్తిగా తీసి ఉండేలా బయలుదేరే వేళను ముందే లెక్క కట్టాడనీ, ఎవరైనా ఫోటోల కోసం ఆగితే మెల్లగా, కాని గట్టిగా కదిలించాడనీ రాశావు. లైసెన్సు ఉన్న మార్గదర్శి లేకుండా ఎవరినీ ఆ దారిన దీవులకు నడవనివ్వరన్నది నాకు ధైర్యం ఇచ్చింది. ఆరు గంటలకు పైగా నీరు తీసే పాటు, మళ్ళీ ఆరు గంటలకు పైగా నీరు ఎక్కే పోటు, రోజు రోజుకూ ఆ వేళలు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం కావడం, అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెరగడం, ఇవన్నీ మన పల్లెకారులు తిథిని బట్టి నోటిలెక్కగా చెప్పేవే. వాళ్ళలో పెద్దవాళ్ళు పంచాంగం చూడకుండా నీటి రంగు చూసి తిథి చెప్పడం నేను చిన్నప్పుడు విన్నాను. ఆ మార్గదర్శి ఆ మనుషుల జాతివాడే అనిపించింది.

ఆ నిస్సారమైన వాడెన్ సముద్రపు బురదలో ఏముందని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారని మీ ఇండొనేషియా స్నేహితురాలు అడిగిందని రాశావు. 2009లో ఆ గుర్తింపు ఇచ్చినది అందం చూసి మాత్రమే కాదు. ఏటా కోటికి తక్కువ కాకుండా వలసపక్షులు ఉత్తర ధ్రువం వైపు పోతూ, వస్తూ ఆ తడినేల మీదే ఆగి పురుగులూ గుల్లలూ తిని బలం పుంజుకుంటాయి. కృష్ణ సముద్రంలో కలిసే చోట మన మడ అడవులు చేసే పనీ అటువంటిదే. పొరుగున ఇంత సంపద పెట్టుకుని నేను నీకు ఒక్కసారైనా మడ అడవిని పడవలో చూపించలేదు.

టెక్సెల్ గురించి నువ్వు తక్కువ రాశావు. నేను ఎక్కువ అడగదలచుకున్నాను. డెన్ హెల్డర్ రేవు నుంచి ఇరవై నిమిషాల్లో దాటే ఆ ఓడను నడిపే సంస్థలో వాటాలు దీవి మనుషులవేనని, అది 1907లో వాళ్ళు పెట్టుకున్నదని రాశావు, ఆ ముక్క బాగుంది. అయితే ఆ దీవికీ మన ఊరికీ ఉన్న సంబంధం నీకు తోచిందో లేదో. మన బందరులో వలందపాలెం ఉంది కదా, పరాసుపేట పక్కన, ఇంగ్లీషుపాలెం పక్కన, నువ్వు ట్యూషనుకు వెళ్ళే దారిలో. వలందులంటే హాలండువాళ్ళే. 17వ శతాబ్దం మొదట్లో ఇక్కడ వర్తక కోఠీ పెట్టుకుని, మన చేనేత బట్టలూ అద్దకపు బట్టలూ ఓడల్లో ఎక్కించుకుపోయారు. మనం చీటిగుడ్డ అనేదాన్ని వాళ్ళు సిట్స్ అని పిలుచుకున్నారు. వాళ్ళలో కొందరు ఇక్కడే చనిపోయి, చెక్కిన రాళ్ళ కింద ఇక్కడే ఉండిపోయారు. ఆ సమాధులు నీకు చూపించాను, గుర్తుండే ఉంటుంది.

తూర్పు దేశాలకు బయలుదేరే వాళ్ళ ఓడలు టెక్సెల్ చాటున లంగరు వేసి అనువైన గాలి కోసం రోజుల తరబడి, ఒక్కొక్కసారి వారాల తరబడి కాచుకునేవి. ఆ దీవిలోని ఔడెస్‌కిల్డ్ అనే ఊరి దగ్గర మీరు సైకిళ్ళు ఆపి చూసిన 'అనాథల బావులు' ఆ ఓడలకు నీళ్ళు ఇచ్చినవే. ఆ నీటిలో ఇనుము ఎక్కువగా ఉండడం వల్ల పీపాల్లో చాలాకాలం చెడకుండా ఉండేదట. ఆ నీళ్ళు అమ్మితే వచ్చిన డబ్బు దీవిలోని అనాథాశ్రమానికి పోయేది. వలందపాలేనికి వచ్చినవాళ్ళలో ఎంతమంది ఆ బావుల నీళ్ళు తాగుతూ వచ్చారో. నువ్వు అక్కడ నిలబడి ఉన్నావంటే, నాలుగు వందల ఏళ్ళ కిందట మన ఊరికి బయలుదేరిన దారి మొదట్లో నిలబడి ఉన్నావన్నమాట.

ఔడెస్‌కిల్డ్ మ్యూజియంలో చూసిన పట్టు గౌను గురించి నాలుగు ముక్కల్లో ముగించావు. మునిగిన ఓడ నుంచి 2014లో దీవి గజఈతగాళ్ళు దాన్ని పైకి తెచ్చారని నేను చదివాను. 17వ శతాబ్దపు పట్టు ఉప్పునీటి అడుగున ఇసుకలో గాలి తగలకుండా పడి ఉండడం వల్ల అన్నేళ్ళు నిలిచింది. సముద్రం ఇచ్చేటప్పుడు ఏమి ఇస్తుందో, తీసుకునేటప్పుడు ఏమి తీసుకుంటుందో మనకు తెలియదు. 1593 క్రిస్మస్ ముందు రోజు రాత్రి అదే టెక్సెల్ రేవులో తుఫాను వచ్చి నలభై దాకా ఓడలు మునిగాయి. మన బందరులో 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ముప్ఫై వేల మందిని తీసుకుపోయింది.

ఇప్పుడు నువ్వు దాచిన సంగతికి వస్తాను. ఇసుకతిన్నెల మీదుగా ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి పోవడానికి తిన్నెల మధ్య ఒక గండి వెతుక్కుంటుంది; అందులో నీళ్ళు ఎంత బలమైన ఈతగాడినైనా లోపలికి లాగుతాయి. దానికి ఎదురీదినవాళ్ళే అలిసి మునిగిపోతారు. మీరిద్దరూ ఎదురీదలేదని, ఆమె భయపడి నిన్ను గట్టిగా పట్టుకోబోతే నువ్వు ఆమెను వెల్లకిలా తేలమని చెప్పి, చెయ్యి పైకెత్తి, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటుకు చేరి అక్కడి నుంచి ఒడ్డెక్కారని అమ్మ చెప్పింది. ఇరవై నాలుగేళ్ళ పిల్లవు, నీళ్ళలో ఉండి అంత నిదానంగా ఆలోచించావు. నేను ఏ సముద్రాన్ని నీకు వద్దన్నానో దానిలో ఎలా బతకాలో నువ్వే నేర్చుకున్నావు. ఆ మాట విని నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. భయంతో కాదు.

నా కోరిక రెండే. ఎర్రా పసుపూ జెండాలు ఎగురుతూ రక్షకులు కాపలా ఉన్న చోట తప్ప ఇంకెక్కడా ఈతకు దిగవద్దు. అలలు లేకుండా నునుపుగా కనిపించే నీళ్ళే దారి చూపుతున్నట్టు మోసం చేస్తాయి. రెండవది, ఇటువంటిది జరిగితే నాకు నువ్వే చెప్పు. నా గుండె ఆగదు. నీకు ఏమి జరిగిందో ఇంకొకరి నోట వినడమే నాకు కష్టం.

మీరు డెన్ హెల్డర్ వైపు నుంచి హార్లింగెన్‌కు బస్సులో పోతూ దాటిన 32 కిలోమీటర్ల సముద్రపు కట్ట 1932లో పూర్తయినది. అంత కట్టగలిగిన దేశాన్ని కూడా 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం ముంచింది. 1,836 మంది పోయారు. దక్షిణాన జీలాండ్‌లో ఔవర్‌కెర్క్ అనే ఊళ్ళో, ఆఖరి గండిని పూడ్చడానికి వాడిన నాలుగు కాంక్రీటు పెట్టెల్లోనే ఆ వరద మ్యూజియం పెట్టారు. చనిపోయినవారి పేర్లు అక్కడ పెట్టారట. సెలవుల్లో మీ స్నేహితులతో అటు వెళ్ళు. మా మేనత్త పేరు ఎక్కడా రాసి లేదు. ఆమె పేరు నీకు అమ్మ చెబుతుంది. ఆ పేర్ల ముందు నిలబడినప్పుడు ఒక్కసారి మనసులో అనుకో.

మొన్న ఆదివారం నేనూ అమ్మా మంగినపూడి వెళ్ళాం. పాటు వేళ చూసుకునే వెళ్ళాం. నేను పంచె ఎగగట్టి మోకాళ్ళ దాకా దిగి, అమ్మ చెయ్యి పట్టుకుని, పదిహేను నిమిషాలు నిలబడ్డాను. ఇంటికి వచ్చేసరికి కాళ్ళకు నీ ఫోటోలో ఉన్న బురదే. మీ తరవాతి ప్రయాణం ఏ దీవికో, ఏ తేదీకో రాయి. గోడ మీద పంచాంగం పక్కన మీ వైపు పోటు వేళల కాగితం తగిలించాను. ఆ రోజు నీరు ఎన్ని గంటలకు తీస్తుందో ఇక్కడ నేనూ చూసుకుంటాను.

మీ స్నేహితులందరికీ మా ఆశీస్సులు చెప్పు. ఆ కేరళ అమ్మాయికి ప్రత్యేకంగా.

ఇట్లు,
నాన్న